నడవకపోతే ఎవరిని అడగాలి

పెద్దాయన పోయారని నాకు మా ఆఫీసు కింద జిరాక్స్ షాపు అతను చెప్పాడు. అదీ నేను ఆధార్ కాపీ తీయించుకోవడానికి వెళ్ళి, చిల్లర కోసం పర్సులో వెతుక్కుంటుంటే. "మీ పెద్దసారు పోయిండంట గద మేడం, మల్కాజ్‌గిరి సారు. పదిరోజులు సుత అయిపోయినయంట," అన్నాడు, మిషన్ మీదనుంచి కళ్ళెత్తకుండా. పైన నాలుగో అంతస్తులో, ఆయన ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్న ఆఫీసులో, ఈ సంగతి ఒక్కరికీ తెలీదు. తెలిసినా ఏం చేసేవాళ్ళు? వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టేవాళ్ళు.

నేను పైకి వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఫోన్ తీసి ఆయన నంబరు వెతికాను. ఎత్తని కాల్స్ రెండున్నాయి, ఎర్రగా. రెండూ వేర్వేరు శనివారాల పొద్దున ఆయన చేసినవే.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఆయన నన్ను అడిగిందల్లా తన పేరు ఒక్కచోట ఉంచమని. అక్కడ ఉంచలేదు. ఇప్పుడిక్కడ రాసి ఏం ఉద్ధరిస్తాను?

మా ఆఫీసు సికింద్రాబాద్ స్టేషన్‌కు పది నిమిషాల నడక. ఆస్పత్రులకు రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేరు అమ్ముతాం. రిపోర్టంటే మరేం కాదు, ఒక పెద్ద పట్టిక. రోగి పేరు, వయసు, వార్డు, చేరిన తేదీ, ఇంటికెళ్ళిన తేదీ. ఏ ఆస్పత్రికైనా ఆర్నెల్లకోసారి ఆ పట్టికలో ఇంకో గడి కావాలనిపిస్తుంది. ఒకరు బ్లడ్ గ్రూపు కావాలంటారు, ఇంకొకరు ఇన్సూరెన్స్ కార్డు నంబరంటారు. ఆ గడిని మేం ఫీల్డు అంటాం. ఒకప్పుడు ఒక్క ఫీల్డు కలపాలంటే ఇద్దరు మనుషులు రెండురోజులు కూర్చునేవాళ్ళట. పెద్దాయన దానికో చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. ఫీల్డు పేరేమిటో, ఎక్కడ పెట్టాలో చెప్పి మీట నొక్కితే, పాత రోగులందరి వివరాల పక్కనా కొత్త గడి వచ్చి కూర్చుంటుంది. దానికి పేరేం పెట్టలేదు. "మిషిని" అనేవారు. మేమూ అదే అన్నాం.

మిషిని నడిపేముందు ఆయన చెప్పులు విడిచేవారు. టేబుల్ కింద రెండూ పక్కపక్కన సర్ది, వట్టి పాదాలు నేలమీద ఆనించి, అప్పుడు మీట నొక్కేవారు. అది పూర్తయ్యేదాకా ఎవరు పిలిచినా పలికేవారు కాదు. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద తిరుగుతుండేది. దేవుడి పేరు జపిస్తున్నారేమో అనుకున్నాను. తర్వాత అడిగితే నవ్వారు. "జపం గాదు బిడ్డా. ఎన్ని వార్డులు అయినయ్, ఎన్ని ఉన్నయ్, గది లెక్కవెడుతున్న," అన్నారు.

నా ఉద్యోగం డాక్యుమెంట్లు రాయడం. ఫలానా టూల్ ఎలా వాడాలి, మొదట ఏం నొక్కాలి, తర్వాత ఏం నొక్కాలి అని ఇంగ్లీషులో రాస్తాను. ఎవరూ చదవరు. పద్మారావు నగర్‌లో మా చుట్టాలకు నేను రైటర్‌నని చెప్పుకుంటుంది మా అమ్మ. ఏ పత్రికలో వస్తాయని వాళ్ళడిగితే మాట మార్చేస్తుంది.

నేను ఆ ఆఫీసులో చేరిన ఐదో నెలలో మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "పెద్దాయన తలకాయలో ఉన్నదంతా డాక్యుమెంట్‌లోకి రావాలండీ. రేపు ఏ ఫ్రెషర్ వచ్చినా అది చదివి మిషిని నడిపేట్టుండాలి. మూడు వారాలు టైం ఇస్తున్నా," అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. అప్పుడు తెలియలేదని ఇప్పుడు రాసుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. కానీ తెలుసు. డాక్యుమెంటు పూర్తయితే మనిషితో పని పూర్తవుతుంది.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన పక్కన స్టూల్ వేసుకుని కూర్చునేదాన్ని. మొదటిరోజు నోట్‌బుక్ తెరిచి, "ముందు టూల్ ఓపెన్ చెయ్యాలి, అంతే కదా సార్?" అన్నాను, నాకూ తెలుసన్నట్టు.

"కాదు. మొదలు ఫోన్ చెయ్యాలె."

"ఎవరికి?"

చెప్పలేదు. చేసి చూపించారు. ఆస్పత్రి రికార్డు రూములో వివరాలు టైపు చేసే సుగుణమ్మకి కలిపారు. "ఆ, సుగుణమ్మా. చాయ్ తాగినవా? తాగలే? మరింక ఏం జేస్తున్నవ్? జెర అందరు లేసి పోయి చాయ్ తాగి రార్రి. పావుగంట దాక రాకుర్రి." ఫోన్ పెట్టేసి చెప్పులు విడిచారు.

తర్వాత నాకు వివరంగా చెప్పారు. మిషిని నడుస్తున్నప్పుడు అవతల ఎవరూ టైపు చెయ్యకూడదు. చేస్తే, అప్పుడు కొట్టిన వివరాలు పాత పట్టికలోనూ ఉండవు, కొత్త పట్టికలోనూ ఉండవు. "అయితే పని ఆపమని చెప్పొచ్చు కదా సార్, టీ ఎందుకు?" అన్నాను.

"పని ఆపుర్రి అంటె ఆపరు బిడ్డా. 'ఈ ఒక్కటి కొట్టి ఆపుతా' అంటరు. ఆ ఒక్కటే మునుగుతది. చాయ్ అంటె లేస్తరు. మనిషి కుర్చీలకెల్లి లేవాలె, గది ముఖ్యం. రాస్కో. చాయ్ తాగమని చెప్పాలె."

రాసుకున్నాను. ఫీల్డు పేరు, చోటు ఖాయం చేసుకునే మూడు మెట్ల తర్వాత, టూల్ తెరవకముందు, నాలుగో మెట్టు అది. నవ్వుతూనే రాసుకున్నాను. చెప్పులు విడవడం కూడా ఒక మెట్టుగా రాయమంటారా అని అడిగాను. "అది నా పిచ్చి. చాయ్ పిచ్చి గాదు," అన్నారు సీరియస్‌గా.

ఇంకో విషయంలో మాత్రం ఆయన నవ్వులాటను సహించేవారు కాదు. కొత్త ఫీల్డు వస్తుంది, సరే. కానీ పాత రోగుల దగ్గర ఆ గడిలో ఏముండాలి? వాళ్ళని ఎవరూ అడగలేదు కదా. చాలా టూల్స్ అక్కడ సున్నా పెట్టేస్తాయి, లేకపోతే "లేదు" అని నింపేస్తాయి. చూడ్డానికి పట్టిక నిండుగా ఉంటుంది. ఆయన మిషిని ఖాళీగా వదిలేస్తుంది. ఒకసారి ఒక ఆస్పత్రి వాళ్ళు 'మందులు పడకపోవడం' అనే ఫీల్డు అడిగారు. పాతవాళ్ళందరికీ "లేదు" అని నింపెయ్యమన్నారు, ఖాళీలుంటే రిపోర్టు అసహ్యంగా ఉందని. ఆయన ఫోన్‌లో అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే. "అడగకుండనే లేదు అని ఎట్ల రాస్తం సార్? రేపు ఎవడో అది చూసి సూదిమందు ఇస్తడు. తెల్వనిది తెల్వదనే ఉండాలె." ఫోన్ పెట్టేశారు. నీళ్ళు తెచ్చిచ్చాను.

ఆయన డిగ్రీ చదివారో లేదో నాకు తెలీదు. అడగలేదు. చొక్కా జేబులో నీలం బాల్‌పెన్ను, బస్ టికెట్ల వెనకవైపు రాసుకున్న చిన్న చిన్న లెక్కలు ఉండేవి. లిఫ్ట్ ఎక్కేవారు కాదు. ఎవరైనా కంగారుగా వచ్చి "అర్జెంటు సార్" అంటే, "అర్జెంటుల ఫీల్డు కలిపితె తీరిగ్గ ఏడ్వాలె," అనేవారు. కుర్రాళ్ళు ఆ మాటను ఆయన గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఆయన వింటే తనూ నవ్వేవారు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా తెరిచి జొన్నరొట్టె సగం తుంచి నా మూతలో పెట్టారు. పెట్టి, కూర గురించి చెబుతున్నంత మామూలుగా అన్నారు. "ఇది అయినంక నన్ను పొమ్మంటరు. తెల్వదా నాకు?"

తుంచిన ముక్క మళ్ళీ మూతలోనే పెట్టేశాను. "మరెందుకు సార్ ఇంత వివరంగా చెప్తున్నారు? కొంచెం మీ దగ్గర దాచుకోవచ్చు కదా," అన్నాను. కూర్చున్న కొమ్మ నరుక్కునే మనిషిని చూస్తూ, గొడ్డలి అందిస్తున్నదాన్ని నేనే.

నా వైపు అదోలా చూశారు, చిన్నపిల్ల నోటివెంట చెడ్డమాట విన్నట్టు. "దాసుకుంటె ఆస్పత్రిలున్నోళ్ళు పరేషాన్ అయితరు. సుగుణమ్మ ఏం జేసింది నన్ను?" అన్నారు. కాసేపు రొట్టె తిన్నారు. తర్వాత, "నాకు ఒక్క పని జెయ్యి బిడ్డా. ఆఖరి పేజీల నా పేరు, నా నంబరు రాయి. నడవకపోతె ఈయనకు ఫోన్ చెయ్యాలె అని. నాకు జీతమొద్దు, ఏమొద్దు. అడిగితె చెప్త, గంతే. ఎంత రాసినా కాయితంల అన్ని వస్తయా?"

"రాస్తాను సార్. ఒట్టు," అన్నాను.

ఆయన ముందే టైపు చేశాను. కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికొచ్చి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి నంబరు చదివారు. సరిగ్గా ఉంది. మళ్ళీ చదివారు. నన్ను పైకి చదవమన్నారు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఆయన ఈల వేయడం విన్నాను.

మర్నాడు మేనేజరు డాక్యుమెంటు చూశాడు. నాలుగో మెట్టు దగ్గర ఆగాడు. "ఇదేంటండీ, టీ తాగమని చెప్పాలా? క్లయింట్ చదివితే నవ్వుతాడు. ప్రొఫెషనల్‌గా రాయండి." యూజర్లందరూ లాగవుట్ అయ్యారని నిర్ధారించుకోవాలి అని మార్చాను. ఆఖరి పేజీకి వచ్చాడు. "ఈ లైన్ తీసేయండి. కంపెనీలో లేని మనిషి నంబరు మన డాక్యుమెంట్‌లో ఏంటి? అసలిది రాయిస్తున్నదే ఆయన్ని అడగక్కర్లేకుండా ఉండటానికి."

ఏరు దాటాక తెప్ప తగలేస్తున్నారని నాకు తెలుసు. అనలేదు. నా ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం అతని టేబుల్ మీదే, నా కళ్ళముందే, సంతకం లేకుండా ఉంది. ఆ లైన్ తీసేశాను. ఎంతసేపూ పట్టలేదు. కింద జిరాక్స్ షాపుకి ఫైలు పంపి, మూడు కాపీలు తీసి స్పైరల్ బైండింగ్ చెయ్యమన్నాను.

ఆ నెలాఖరున శాలువా కప్పారు, మిఠాయి డబ్బా ఇచ్చారు. ఆయన కుర్చీలోంచి చిన్న దిండు తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. మెట్ల దగ్గర నాతో అన్నారు. "ఫోన్ చాలుగనే ఉంటది బిడ్డా, బంద్ చెయ్య. మొహమాటపడొద్దని పిల్లలకు చెప్పు." చెబుతానన్నాను. కిటికీలోంచి చూస్తే, కింద జిరాక్స్ షాపు దగ్గర నిలబడి అతనితో మాట్లాడుతున్నారు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

ఆ తర్వాత ప్రతి నెలా ఒక శనివారం పొద్దున ఆయన ఫోన్ వచ్చేది. ఒకే తీరు. "మంచిగున్నవా బిడ్డా? అమ్మ మంచిగున్నదా? మిషిని నడుస్తున్నదా?" నడుస్తోందనేదాన్ని. "ఎవరన్న అడుగుతున్రా?" అనేవారు. "లేదు సార్. మీరంత బాగా చెప్పారు కదా, ఎవరికీ డౌటే రావట్లేదు," అనేదాన్ని.  "గట్లనే ఉండాలె," అనేవారు. అబద్ధం ఆడటం మొదటిసారి కష్టమైంది. నాలుగోసారికి నాకది మంచిమాటలాగే అనిపించింది.

ఆయన వెళ్ళిన ఎనిమిదో నెలలోనో, తొమ్మిదో నెలలోనో జరిగింది అసలు సంగతి. ఇద్దరు కొత్త కుర్రాళ్ళు నా డాక్యుమెంటు ముందు పెట్టుకుని, అక్షరం తప్పకుండా మిషిని నడిపారు. నాలుగో మెట్టు దగ్గర రికార్డు రూముకి మెసేజ్ పెట్టారు. 'లాగవుట్ అయ్యారా?' 'ఓకే' అని వచ్చింది. ఓకే అన్న సుగుణమ్మ, ఈ ఒక్కటి కొట్టేసి ఆపుదామనుకుంది. ఒక్కటి రెండయింది, రెండు పదయ్యాయి. ఆ పూట ఆస్పత్రిలో చేరినవాళ్ళ వివరాలన్నీ పోయాయి. వాళ్ళు మంచాల మీద ఉన్నారు, పట్టికలో లేరు. రికార్డు రూములో ఆడవాళ్ళు కేస్‌షీట్లన్నీ వార్డులనుంచి తెప్పించుకుని రెండురోజులు కూర్చుని మళ్ళీ కొట్టారు. తప్పు సుగుణమ్మదని తేల్చారు. డాక్యుమెంట్‌లో స్పష్టంగా రాసి ఉంది కదా మరి. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

"డాక్యుమెంట్‌లో ఏమన్నా మిస్సయిందా?" అని మేనేజరు అడిగాడు. ఏం మిస్సయిందో నాకు తెలుసు. ఒక కప్పు టీ. ఆయన నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఆ రోజే చేసి ఉంటే, పోయిన వివరాలు ఎక్కడ నక్కాయో పది నిమిషాల్లో చెప్పేవారేమో. సుగుణమ్మ ఉద్యోగం మిగిలేదేమో. చెయ్యలేదు. చేస్తే, "ఆఖరి పేజీల నంబరు ఉన్నది గద, పిల్లలే చెయ్యొచ్చు గద," అంటారు. అప్పుడు ఏం చెప్పాలి? ఆ భయానికి నోరు మూసుకున్నాను. "ఏమీ మిస్సవ్వలేదండీ," అన్నాను.

ఆ శనివారం ఫోన్ వచ్చింది. "మిషిని మంచిగున్నదా?"

"బాగుంది సార్."

"సుగుణమ్మ ఎట్లున్నది?"

ఎప్పుడూ అడగని ప్రశ్న.  "బాగుంది సార్," అన్నాను.

"సరే బిడ్డా," అన్నారు. గట్లనే ఉండాలె అనలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ వచ్చింది. పేరు చూసి, మోగినంతసేపూ మోగనిచ్చాను. మూడో నెల ఇక రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. అవును, అనుకున్నాను.

ఆయన పోయారని తెలిసిన వారంలోనే, ఆదివారం మల్కాజ్‌గిరి రైలెక్కాను. అడ్రసు జిరాక్స్ షాపు అతనే ఇచ్చాడు. మొదటి అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఫొటోకి వేసిన దండలో పూలు వాడిపోయి ఉన్నాయి. ఆయన భార్య నన్ను చూసి, నేను ఎవరో చెప్పకముందే, "రాసే బిడ్డవు నువ్వేనా?" అంది. కూర్చోబెట్టి లోపలికెళ్ళి టీ తెచ్చింది. గుండె జబ్బట. వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నారట. మాకెవరికీ ఎందుకు చెప్పలేదని అడగలేకపోయాను.

ఆమె అలమరలోంచి ఏదో తీసింది. నీలం అట్ట, స్పైరల్ బైండింగ్. "నువ్వు రాసిన పుస్తకం గిదే గద. ఇంటికొచ్చినోళ్ళందరికి చూపిస్తుండె. మా ఆఫీసుల బిడ్డ రాసింది, ఒక్క ముక్క సుత ఇడిసిపెట్టలే అని చెప్తుండె. ఆయనకు ఇంగిలీసు అంత రాదు గని, చేతుల వట్టుకొని చూస్తుండె."

తెరిచాను. నాలుగో మెట్టు పక్కన మార్జిన్‌లో నీలం పెన్నుతో చిన్నగా 'చాయ్' అని ఉంది. పేజీలు తిప్పాను. తిప్పకుండా ఉండాల్సింది. ఆఖరి పేజీలో నా ఇంగ్లీషు అయిపోయిన చోట, కింద ఖాళీలో, ఆయన చేతిరాత. తెలుగులో. 'నడవకపోతే ఈయనకు ఫోన్ చెయ్యాలె.' ఆ పక్కన తన పేరు, తన నంబరు. అంకెలు ఒక్కోటీ విడివిడిగా, పొందికగా ఉన్నాయి.

"ఇది ఎప్పుడు తెచ్చుకున్నారమ్మా?" అన్నాను. 

"ఆఫీసు ఇడిసిపెట్టిన్నాడే. జిరాక్స్ షాపుల ఇంకొకటి తీపిచ్చుకున్నడంట. షాలువ, మిఠాయి డబ్బ, ఈ పుస్తకం వట్టుకొచ్చిండు. అన్నం సుత తినకుండ కూసొని ఆఖరి పేజీల గా ముక్క రాసుకున్నడు."

అంటే మొదటి శనివారం నాటికే ఆయనకు తెలుసు. తెలిసే అన్ని నెలలూ అడిగారు, ఎవరన్న అడుగుతున్రా అని. ఏదో ఒక శనివారం నా అంతట నేనే చెబుతానని చూశారు. సుగుణమ్మ సంగతీ తెలిసే అడిగారు. ఆమె దగ్గర ఆయన నంబరు ఎప్పటినుంచో ఉంది కదా. నేను ప్రతిసారీ, తెలియని చోట కాదు, తెలిసిన చోటే "లేదు" అని నింపుతూ పోయాను. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. ఎదురుగా ఫొటోలో ఆ కళ్ళద్దాలే ఉన్నాయి. తల ఎత్తలేకపోయాను.

ఆమె కిటికీ గూట్లోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. పాత ఫోను. మూలలు అరిగిపోయి ఉంది. "దీన్ని ఏం జెయ్యమంటవు బిడ్డా? ఆస్పత్రిల సుత నర్సమ్మను బతిలాడి చార్జింగు వెట్టించుకున్నడు, మీ ఆఫీసోళ్ళు చేస్తరని. ఆయన పోయినంక సుత నేను బంద్ చెయ్యలే. చేస్తరా ఇంక?"

"ఎవరూ చెయ్యరమ్మా," అన్నాను. "మిషిని నడిపే పిల్లల దగ్గర ఆ నంబరు లేదు. డాక్యుమెంట్‌లోంచి నేనే తీసేశాను."

చెప్పేశాక తేలికపడతానని ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. అలాంటిదేం జరగలేదు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. అర్థమైందో, ముందే తెలుసో, నాకు తెలియలేదు.

"చాయ్ తాగు బిడ్డా, సల్లారుతది," అంది.

నేను గ్లాసు అందుకున్నాను. ఆమె పుస్తకం అలమరలో పెట్టి, ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చార్జరు తీగ గుచ్చింది. వదులుగా ఉన్నట్టుంది, లైటు వెలగలేదు. మళ్ళీ తీసి గుచ్చి, వెలిగేదాకా వేలితో నొక్కి పట్టుకుని అక్కడే నిలబడింది.